అమ్మలు వంతులేసుకున్న ఆటల బడి

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వేసవి సెలవులు అయిపోవచ్చే రోజుల్లో నలుగురు ఆడవాళ్ళం కలిశామంటే ఒక మాట తప్పకుండా వస్తుంది. "మా చిన్నాడికి మూడేళ్ళు నిండాయండీ, ఏ స్కూల్లో వెయ్యమంటారు?" అని. ఆ వెంటనే రెండో మాట. "ఇంకా ఏబీసీడీలు కూడా సరిగ్గా రావు. పక్కింటి పాప అప్పుడే వంద దాకా చెప్పేస్తోంది." ఈ రెండో మాట అనేటప్పుడు ఆ తల్లి గొంతులో ఒక దిగులు ఉంటుంది. ఆ దిగులు నాకు కొత్త కాదు. ఒకప్పుడు నేనూ పడ్డదే. అందుకే ఇవాళ ఆ సంగతే మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను.

మా పెద్దమ్మాయికి మూడేళ్ళప్పుడు రోజూ పొద్దున్నే దాన్ని వంటింటి గడప దగ్గర కూచోబెట్టేదాన్ని. పలకా బలపం చేతికిచ్చి, ఒక పక్క పోపు వేసుకుంటూ ఇంకో పక్క "అ, ఆ" దిద్దించేదాన్ని. దాని వేళ్ళు బలపం మీద నిలిచేవి కావు. గీత వంకర పోయేది. నేను విసుక్కునేదాన్ని, అది ఏడ్చేది. ఇలా నెల రోజులు గడిచాక ఒకనాడు పలక కనిపించలేదు. ఇల్లంతా వెతికాను. సాయంత్రం అన్నానికి బియ్యం కొలుస్తుంటే డబ్బాలో చేతికి తగిలింది. ఆ పిల్ల చెయ్యి పట్టినంత లోతు బియ్యం తవ్వి, పలకను పూడ్చిపెట్టి, పైన మళ్ళీ చదును చేసి, మూత కూడా పెట్టింది!

నాకు కోపం వచ్చింది. మా అత్తయ్యగారు మాత్రం నవ్వారు. "దీనికి ఒక్కచోట కూచునే బుద్ధి లేదంటావు కదమ్మాయ్. ఆ బియ్యం తవ్వి, పూడ్చి, సర్దడానికి ఎంతసేపు కూచుందో చూడు. నీ పలక ముందు పది నిమిషాలు కూచోదు గాని" అన్నారు.

ఆ మాట అప్పుడు నా మనసుకి పట్టలేదు. తర్వాత మా అబ్బాయి వయసుకొచ్చినప్పుడు పట్టింది. ఆలోచించిన కొద్దీ, పిల్లల చదువు గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉందనిపించింది.

ముందు ఆ చిన్న చేతి సంగతి చూద్దాం. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి. ఏళ్ళు గడిచే కొద్దీ ఒక్కొక్కటే గట్టిపడి ఎముకగా మారుతుంది. మూడేళ్ళకి వాటిలో సగం కూడా సరిగ్గా తయారై ఉండవు. వేళ్ళలో పట్టు కూడా అప్పుడప్పుడే వస్తూ ఉంటుంది. అలాంటి చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకంలో అక్షరం గీత దాటకూడదంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? మీకు చపాతీ పిండి కలిపే పనుంటే ఒక ముద్ద ఆ పిల్ల చేతికివ్వండి. పిసుకుతుంది, ఉండ చేస్తుంది, పాము చేస్తుంది, గిల్లుతుంది. రేపు పెన్సిలు పట్టుకోవలసిన వేళ్ళకి అదే కసరత్తు. మనం దాన్ని అల్లరి అంటాం. నిజానికి అది రాతకు తొలి మెట్టు.

లెక్కలూ అంతే. ఇవాళే మీ ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. నాలుగేళ్ళ పిల్ల ముందు ఒకే రకం గ్లాసులు రెండు పెట్టి, రెండింట్లోనూ సమానంగా నీళ్ళు పొయ్యండి. "రెండూ ఒకటేనా?" అని అడగండి. ఒకటేనంటుంది. ఇప్పుడు ఒక గ్లాసులోని నీళ్ళు ఆ పిల్ల చూస్తుండగానే సన్నగా పొడుగ్గా ఉన్న ఇంకో గ్లాసులోకి వంచండి. "ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి?" అంటే పొడుగు గ్లాసే చూపిస్తుంది. స్విట్జర్లాండు దేశపు శాస్త్రవేత్త జాన్ పియాజే ఈ సంగతిని పరిశీలించి లోకానికి చెప్పాడు. ఆరేడేళ్ళు వచ్చేదాకా చాలామంది పిల్లలు ఇలాగే అంటారు. మనం ఎంత నచ్చజెప్పినా లాభం లేదు. చెంబుతో గ్లాసులోకి, గ్లాసుతో గిన్నెలోకి పోసి పోసి, ఒలకబోసుకుని తెలుసుకోవలసిందే. వంద దాకా అంకెలు అప్పజెప్పే పాపకి ఆ వంద ఎంతో తెలిసి ఉండకపోవచ్చు. చింతపిక్కలు నలుగురికీ సమంగా పంచిన పిల్లకి నాలుగంటే ఏమిటో తెలుసు.

ఇక గుజ్జనగూళ్ళ ఆట గుర్తు తెచ్చుకోండి. కొబ్బరి చిప్ప గిన్నె అయింది, ఇసక అన్నమయింది, చింతాకు కూరయింది. ఒక వస్తువుని చూసి దాన్ని మరొకటిగా భావించటం చిన్న విద్య కాదు. రష్యా మనస్తత్వ శాస్త్రవేత్త వైగాట్‌స్కీ దీన్నే పట్టి చూపించాడు. పుల్ల మీదెక్కి గుర్రం అన్న పిల్లవాడు, ఉన్న వస్తువుని దాటి దాని భావాన్ని పట్టుకుంటున్నాడన్నమాట. అక్షరం మాత్రం ఏమిటి? కాగితం మీద ఒక వంకర గీత. దాన్ని చూసి "క" అనే శబ్దాన్ని తలుచుకోవాలి. పుల్లలో గుర్రాన్ని చూసిన పిల్లకి గీతలో శబ్దాన్ని చూడటం కష్టం కాదు.

దాగుడుమూతల్లో కళ్ళు మూసుకుని పది లెక్కబెట్టేదాకా తెరవకుండా ఉండాలి. తెరవాలని ఉంటుంది, అయినా తెరవకూడదు. మనసుని పట్టి ఉంచుకోవడం పిల్లలు అక్కడ నేర్చుకుంటారు. తొక్కుడు బిళ్ళలో గీత తొక్కితే ఒప్పుకోవాలి. చెమ్మచెక్కలో ఎదుటి పిల్ల చేతికి మన చెయ్యి సరిగ్గా అందాలి. మన అమ్మమ్మలు ఏ పుస్తకమూ చదవకుండానే ఈ పాఠాలన్నీ ఆడించారు.

"మరి ఇంట్లో ఆడుకుంటూనే ఉన్నారుగా, ఇంకా ఏమిటి?" అంటారేమో. ఇక్కడే చిక్కుంది. మా చిన్నప్పుడు వాకిలి ఉండేది, పెరడు ఉండేది, పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు, వీధి పిల్లలు ఉండేవారు. ఇవాళ పట్నంలో మూడో అంతస్తు ఫ్లాటులో ఒక్క బిడ్డ. తల్లి వంటింట్లో, బిడ్డ టీవీ ముందు, లేదంటే ఫోను చేతిలో. ఆ బిడ్డకి బొమ్మలకు లోటు లేదు, తోటి పిల్లలే లేరు.

తోటి పిల్లలతో ఆడటం కూడా ఒక్కరోజులో వచ్చేది కాదు. అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆమె శిశు పాఠశాలలో పిల్లలు ఆడుకోవడాన్ని జాగ్రత్తగా గమనించి 1932లో దాన్ని మెట్లుగా వివరించింది. మొదట పిల్ల ఒక్కతే ఆడుకుంటుంది. తర్వాత పక్కవాళ్ళు ఆడుతుంటే చూస్తూ నిలబడుతుంది. ఆ పైన పక్కపక్కనే కూచుని ఎవరి ఆట వాళ్ళాడుకుంటారు. తర్వాత బొమ్మలు ఇచ్చిపుచ్చుకుంటారు. చివరికి "నువ్వు అమ్మవి, నేను డాక్టరుని" అని అందరూ కలిసి ఒకే ఆట ఆడతారు. అందుచేత రెండున్నరేళ్ళ పిల్లవాడు నలుగురిలో కలవకుండా పక్కన నిలబడి చూస్తుంటే బెంగపడకండి. వాడు ఆ మెట్టు మీద ఉన్నాడంతే. రోజూ అదే నలుగురు పిల్లలు ఎదురైతే పై మెట్టు ఎక్కుతాడు.

ఆ నలుగురు పిల్లల్ని ఎక్కణ్ణించి తేవడం? ఒక్క తల్లి వల్ల కాదు. నలుగురు తల్లులు కలవాలి. అలా కలిసిన తల్లిదండ్రులు తామే వంతులు వేసుకుని, తామే ఖర్చు పంచుకుని, తామే పిల్లల్ని ఆడిస్తూ నడుపుకునే చిన్న బడినే తల్లిదండ్రుల సహకార శిశుశాల అంటారు. పాల సహకార సంఘంలో పాలు పోసేవాళ్ళే సభ్యులైనట్టు, ఇక్కడ పిల్లల్ని పంపేవాళ్ళే యజమానులు, వాళ్ళే పంతులమ్మలు, వాళ్ళే ఆయాలు.

ఈ ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. 1916లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యుల భార్యలు పన్నెండుమంది కలిసి ఇలాంటి శిశుశాల పెట్టుకున్నారు. పిల్లలకి ఆటపాటలు, తమకి పిల్లల పెంపకంలో శిక్షణ, కొంచెం తీరిక, ఈ మూడూ వాళ్ళ ఉద్దేశాలు. 1945లో ఇటలీలో, యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, రెజియో ఎమీలియా పట్నం దగ్గర విల్లా చెల్లా అనే పల్లెలో తల్లిదండ్రులు పూనుకున్నారు. జర్మను సైన్యం వదిలిపెట్టిపోయిన ఒక టాంకుని, కొన్ని లారీల్ని, గుర్రాల్ని అమ్మి, కూలిన ఇళ్ళ ఇటుకలు ఏరుకొచ్చి, తమ చేతుల్తో పిల్లల బడి కట్టుకున్నారు. ఫిరంగి బండి అమ్మిన డబ్బుతో పిల్లల ఆటల బడి! వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది కదూ. ఇంగ్లండులో 1961లో బెల్ టుటాయెవ్ అనే తల్లి తన నాలుగేళ్ళ కూతురికి శిశుశాల దొరక్క, తోటి తల్లులతో కలిసి తానే ఒకటి నడుపుతూ, ఆ సంగతి గార్డియన్ పత్రికకు ఉత్తరం రాసింది. ఆ ఒక్క ఉత్తరంతో దేశమంతటా తల్లులు కదిలి ఒక సంఘంగా ఏర్పడ్డారు.

అన్నిటికంటే గట్టిగా ఇది వేళ్ళూనుకున్నది న్యూజిలాండులో. రెండో ప్రపంచయుద్ధ కాలం. మగవాళ్ళు యుద్ధానికి పోయారు. చిన్నపిల్లలతో తల్లులు ఒంటరిగా ఇళ్ళల్లో ఉండిపోయారు. 1941లో వెల్లింగ్టన్ నగరంలోని కరోరి పేటలో తల్లులు కలిసి మొదటి ప్లేసెంటర్ పెట్టారు. 1948కల్లా ఇలాంటివన్నీ కలిసి ఒక సమాఖ్య అయ్యాయి. గ్వెన్ సోమర్‌సెట్ అనే ఆమె దానికి తొలి అధ్యక్షురాలు. అక్కడ ఒక పక్క ఇసక, ఒక పక్క నీళ్ళ తొట్టి, బంకమట్టి, రంగులు, చెక్కముక్కలు, కథల పుస్తకాలు, ఎక్కి దూకడానికి పలకలు, ఇవన్నీ సిద్ధంగా ఉంటాయి. ఏది ఆడాలో పిల్లే ఎంచుకుంటుంది. తల్లులు కూచుని కబుర్లు చెప్పుకోరు. పిల్లల ఆటను ఎలా గమనించాలో, ఎప్పుడు కలగజేసుకోవాలో, ఎప్పుడు ఊరుకోవాలో తరగతులకి వెళ్ళి నేర్చుకుంటారు. కుటుంబాలు కలిసి ఎదగాలన్నదే వాళ్ళ సూత్రం. పిల్లలు ఎదగడమని కాదు, కుటుంబాలు ఎదగడమని అన్నారు చూడండి, అసలు కీలకం అక్కడే ఉంది.

అదే దేశంలో 1982లో మావోరీ జాతివాళ్ళు తమ భాష మరుగున పడిపోతోందని కలతపడి, "భాషా గూళ్ళు" అనే పేరుతో శిశుశాలలు పెట్టారు. అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చి పిల్లలతో మావోరీలోనే మాట్లాడుతూ ఆడించారు. "ట్వింకిల్ ట్వింకిల్" తప్ప తెలుగు పాట ఒక్కటీ రాని మన పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ గూళ్ళే గుర్తొస్తాయి.

అన్నీ పరాయి దేశాల కబుర్లే చెబుతోందనుకోకండి. మన దేశంలో గుజరాతులోని భావనగర్‌లో 1920లోనే బాలమందిరం మొదలయింది. దాన్ని నడిపిన గిజుభాయి బధేకా వృత్తికి వకీలు. సొంత కొడుకుని ఎలా పెంచాలన్న ఆలోచనలో పడి, వకాలతు వదిలి పిల్లల బడికి అంకితమయ్యాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే ఊరికి వెళ్ళి పేద పిల్లల కోసం బాలవాడి పెట్టింది. పిల్లలు బడిదాకా రాకపోతే, ఆమే బడిని వాళ్ళ ముంగిళ్ళలోకి తీసుకుపోయింది. అంగన్ అంటే ముంగిలి. ముంగిట్లో నడిచే బడి కాబట్టి అంగన్‌వాడీ. ఖరీదయిన బొమ్మలు కాదు, గవ్వలు, గింజలు, ఆకులు, మట్టిపాత్రలు, ఇవే ఆమె బడి సామాను. ఆ తర్వాత 1975 అక్టోబరు 2న భారత ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టినప్పుడు ఆ అంగన్‌వాడీ పేరే ఊరూరా వాడుకలోకి వచ్చింది. మనలో చాలామంది అంగన్‌వాడీ అంటే గుడ్లూ పాలూ అనుకుంటాం. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలతో చదువు చెప్పడం కూడా దాని పనే. అక్కడ తల్లుల కమిటీలు వేసిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. అంటే తల్లులు కలగజేసుకోవాలన్న మాట మనకు కొత్త కాదు.

రేడియోలో మాట్లాడుతూ రేడియో అన్నయ్యను, అక్కయ్యను తలుచుకోకపోతే తప్పవుతుంది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు పిల్లల్ని రేడియో ముందు కూచోబెట్టి వినిపించడంతో ఆగలేదు. పిల్లల చేతే ఆడించి, పాడించి, నాటకాలు వేయించారు. 1945లో "బాల" పత్రిక పెట్టారు. పిల్లలు సంతోషంగా ఉన్నప్పుడే నేర్చుకుంటారని తెలుగు ఇళ్ళకి నేర్పిన దంపతులు వాళ్ళు.

ఇక మా ఊరి సంగతి. మాది సింగరాయకొండ. ఒక పక్క రైలు, ఒక పక్క మద్రాసు–కలకత్తా పెద్ద రోడ్డు, కాస్త దూరం పోతే పాకల సముద్రం. మా అబ్బాయికి మూడేళ్ళు రాబోతున్నప్పుడు, మళ్ళీ ఆ పలక తతంగం నావల్ల కాదనుకున్నాను. మా వీధిలో ఆ వయసు పిల్లలున్న ఇళ్ళు మాతో కలిపి అయిదు. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా, వారానికి అయిదు రోజులు, మా వసారాలో పిల్లల్ని ఆడిద్దామని అనుకున్నాం. రోజుకి ఇద్దరు తల్లుల వంతు. ఇంటికి నెలకు యాభై రూపాయలు.

మొదటి వారం పెద్ద గందరగోళం. అందులో ఎక్కువ తప్పు పిల్లలది కాదు, మాదే. ఎవరి వంతు రోజున వాళ్ళ పిల్లే ఒళ్ళోంచి దిగేది కాదు. ఒకావిడ ఖరీదయిన బిస్కెట్లు తెస్తే ఇంకొకావిడ మొహం చిన్నబుచ్చుకుంది. మా అబ్బాయి ఒక పిల్లని తోశాడు. నేను చూసీ చూడనట్టున్నాను. ఆ పిల్ల తల్లి మర్నాడు రాలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళితే, "మీవాడైతే ఆట, మావాడైతే అల్లరీనా వదినా?" అంది. మాటకి జవాబు లేదు. తలొంచుకుని కాఫీ తాగి వచ్చాను.

ఆ రాత్రే నాకు తెలిసింది, ఈ బడిలో మొదటి తరగతి పిల్లలు మేమే అని. మర్నాడు అందరం కూచుని నాలుగు నియమాలు రాసుకున్నాం. మొదటిది, వంతు ఉన్న తల్లికి అక్కడున్న పిల్లలంతా సమానమే. తన పిల్ల తగాదాలో ఉంటే రెండో తల్లి తీర్చాలి. రెండోది, తిండి అందరికీ ఒకటే, గుగ్గిళ్ళో, అరటిపండో, మరమరాలో. మూడోది, కొట్టడం, తిట్టడం, ఒకరితో ఒకర్ని పోల్చడం ఉండకూడదు. నాలుగోది, నెలకోసారి లెక్క చూసుకోవాలి, మనసులో ఉన్నది ఆ రోజే చెప్పాలి, వీధి కుళాయి దగ్గర చెప్పకూడదు.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాం. పిల్ల ఇసకలో బొరియ తవ్వుతుంటే, "అలా కాదు, ఇలా తవ్వు" అని చెప్పబోయే నోటిని మూసుకోవడం. తల్లులకి అన్నిటికంటే కష్టమైన పాఠం అదే! ఒకరోజు పిల్లలు వసారా మెట్ల మీంచి గొట్టంలో నీళ్ళు పోసి కాలవ చేస్తున్నారు. నీళ్ళు పైకి పోవడం లేదని మావాడు ఏడుపు మొహం పెట్టాడు. నేను లేచాను. పక్కనున్న తల్లి నా చెయ్యి పట్టి కూచోబెట్టింది. అయిదు నిమిషాలకి ఇంకో పిల్ల గొట్టం కింద ఇటుక పెట్టి వాలు మార్చింది. నీళ్ళు పారాయి. నేను లేచి చేసి ఉంటే ఆ ఇటుక ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు.

ఆ వసారా బడి రెండేళ్ళ పాటు నడిచింది. పిల్లలు పెద్ద బడికి పోయారు, ఒక కుటుంబం బదిలీ మీద వెళ్ళిపోయింది, అలా ముగిసింది. ఇలాంటివి శాశ్వతంగా ఉండనక్కరలేదు. పిల్లల వయసున్నంత కాలం ఉంటే చాలు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే కొన్ని సంగతులు. అయిదారుగురు పిల్లలతో మొదలుపెట్టండి, పదిమంది దాటనివ్వకండి. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి. ఒకరు లోపలికి వెళ్ళినా ఇంకొకరి కన్ను పిల్లల మీద ఉండాలి. అపార్టుమెంటులో అయితే కింద ఖాళీ చోటు, లేదా మేడ మీద గట్టి పిట్టగోడ ఉంటేనే. ఉద్యోగాలు చేసే తల్లుల వంతు నాయనమ్మలో, తాతయ్యలో, సెలవురోజున తండ్రో తీసుకోవచ్చు. న్యూజిలాండులో కూడా తల్లులు ఉద్యోగాలకు పోవడం పెరిగాక ఇలాంటి బడులు తగ్గుతూ వచ్చాయి. కాబట్టి వంతు తల్లిదే అని పట్టుబడితే ఎక్కడా సాగదు.

సామానుకి డబ్బు పోయకండి. ఇసక, రెండు టబ్బులు, పాత గిన్నెలు, గరిటెలు, పాత చీర, అట్టపెట్టెలు, బంకమట్టి, ముగ్గుపిండి, గైరికం, ఇవి చాలు. కొనదలిస్తే కొండపల్లి పొణికి కర్ర బొమ్మలూ, లక్కపూత పూసిన ఏటికొప్పాక బొమ్మలూ మన ఇళ్ళకి అందం, పిల్లల చేతికి నిండుదనం.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించాలి. మూడేళ్ళ లోపు పిల్లల దగ్గర చింతపిక్కలు, గోళీలు, పూసలు, బటన్లు ఉంచకండి. గొంతుకు అడ్డం పడతాయి. వేరుసెనగ గింజలు కూడా చిన్నపిల్లలకి ప్రమాదమే. నీళ్ళ ఆట అవగానే టబ్బు బోర్లించండి. అడుగున జానెడు నీళ్ళున్నా పసిపిల్లకి ముప్పే. ప్రతి ఇంటి ఫోను నంబరు, ఎవరికి ఏది పడదో, టీకాలు వేయించారో లేదో ఒక పుస్తకంలో రాసి గోడకి తగిలించండి.

నలుగురూ కలిసి పిల్లల్ని ఆడించుకుంటున్నంత వరకు ఇది ఇరుగుపొరుగు ఏర్పాటే. ఫీజులు తీసుకుని, మనుషుల్ని జీతానికి పెట్టి బడిగా నడపాలనుకుంటే మాత్రం చట్టప్రకారం అనుమతులు కనుక్కోవాలి. సహకార సంఘంగానే నిలబడాలనుకునేవారికి మన రాష్ట్రంలో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది కలిస్తే దాని కింద సంఘం పెట్టుకోవచ్చు.

"అంతా బాగుంది గాని, ఒకటో తరగతికి మా పిల్ల వెనకబడితే?" అనే ప్రశ్న మీ మనసులో ఇంకా ఉంటుంది. ఉండాలి కూడా. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1960ల్లో 123 మంది పేద కుటుంబాల పిల్లల మీద ఒక పరిశోధన జరిగింది. అందులో కొందరిని శిశుశాలలో చేర్చుకున్నారు. అక్కడ పిల్లలు తాము ఏం ఆడదలిచారో ముందు చెప్పేవారు, ఆడేవారు, తర్వాత ఏం చేశామో చెప్పేవారు. పంతులమ్మలు వారానికోసారి ఇంటికెళ్ళి తల్లితో కూచునేవారు. ఆ పిల్లలకి నలభై ఏళ్ళు వచ్చేదాకా వెంబడి చూశారు. శిశుశాలకు వెళ్ళినవారు వెళ్ళనివారికంటే ఎక్కువ చదివారు, ఎక్కువ సంపాదించారు, తక్కువగా పోలీసు కేసుల్లో చిక్కుకున్నారు. మన దేశపు 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసుని ఒకే పునాది దశగా చూసి, ఆ దశలో చదువు ఆటల ద్వారా సాగాలని చెప్పింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని అందులోనే ఉంది. అంత విలువైన ఆరేళ్ళని మనం పలకకి కట్టేస్తున్నామా, ఆలోచించండి.

అలాగని అక్షరాలు వద్దని కాదు నేననేది. అడిగిన పిల్లకి చెప్పండి. బస్సు మీది అక్షరం చూపించి "ఇదేమిటమ్మా" అన్నప్పుడు చెప్పిన అక్షరం చెరిగిపోదు. అడగని పిల్లని నిలబెట్టి దిద్దించకండి.

మా పెద్దమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, బాగానే చదువుతుంది. అయినా మొన్న సెలవులకి వచ్చినప్పుడు, "అమ్మా, నాకు అ, ఆలు ఎలా వచ్చాయో గుర్తు లేదు. నువ్వు కోప్పడింది మాత్రం గుర్తుంది" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అక్షరం ఆలస్యంగా వచ్చినా వస్తుంది. మూడేళ్ళ పిల్లతో ఆడుకోవలసిన రోజులు మాత్రం పోతే మళ్ళీ రావు.

అందుచేత, అక్కయ్యలారా, చెల్లెళ్ళారా, రేపు పొద్దున మీ పక్కింటి తలుపు తట్టండి. ఫీజు ఎంత అని కాకుండా, "మీ పాపని మా పిల్లాడితో కాసేపు ఆడనిస్తారా?" అని అడగండి. అమ్మలు కలిసి నడిపే బడి ఏదైనా ఆ ఒక్క మాటతోనే మొదలవుతుంది.